లేని వివరాన్ని వెతికే పద్ధతి: లెక్కల రికార్డులు, ఫిల్టర్లు

(గుంటూరులో వ్యాపార సంస్థల లెక్కలు చూసే ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయిన వారు చదువుకోవడానికి రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. మిర్చి యార్డు సీజను నడుస్తున్న రోజుల్లో, పట్టీలు (రైతుకు ఇచ్చే అమ్మకపు లెక్క చీటీలు) రాయడం, పేమెంట్లు పంపడం ముగిశాక కూడా ఇంటికి వెళ్ళకుండా ఇక్కడికి వచ్చి కూర్చున్న మీ సమయం విలువైనది కనుక, ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళతాను.

మన రికార్డుల్లో తప్పుగా ఉన్నదాన్ని పట్టుకోవడం ఒక పని, అసలు లేనిదాన్ని పట్టుకోవడం మరొక పని. ఎండుమిర్చి క్వింటాలు రేటులో ఒక సున్నా ఎక్కువ పడితే ఆ బిల్లు మొత్తం చూసిన ఎవరైనా ఆగిపోతారు, ఫోన్ చేసి అడుగుతారు, సాయంత్రానికి సరిదిద్దుతారు. కానీ ఒక బిల్లులో కొనుగోలుదారు జీఎస్టీ నంబరు లేదనుకోండి, దాన్ని ఎవరు అడుగుతారు? మొత్తం సరిగ్గానే ఉంది, డబ్బు వచ్చేసింది, ఖాతా సరిపోయింది. నెలలు గడిచాక కొనుగోలుదారు తనకు క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే వీలు, రాలేదని అడిగినప్పుడు గానీ ఆ ఖాళీ బయటపడదు. లేని వివరం తనంతట తాను ఎవరినీ పిలవదు. మనమే వెళ్ళి వెతకాలి. ఆ వెతకడానికి మన చేతిలో ఉన్న సాధనం ఫిల్టరు, అంటే మనం పెట్టిన షరతుకు సరిపోయే వరుసలనే చూపించి మిగతావి దాచేది. ఎక్సెల్‌లో ఉంది, లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీలో ఉంది, మీరు వాడే ఏ బిల్లింగ్ సాఫ్ట్‌వేరులోనైనా ఏదో ఒక రూపంలో ఉంది. అయితే ఫిల్టరు మనం ఏది అడిగితే అదే చూపిస్తుంది కనుక, ఏమి అడగాలో మనకు ముందు తెలియాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ అడగడం గురించే.

మొదట ఒక జాగ్రత్త. ఏదైనా బిల్లు కనబడటం లేదని ఎవరైనా చెప్పిన వెంటనే అది లేదని నమ్మకండి. ఇప్పటికే ఏ ఫిల్టరు పనిచేస్తోందో చూడండి. ట్యాలీ తెర మీద పీరియడ్ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంది? ఏ కంపెనీ తెరిచి ఉంది, నిరుటి సంవత్సరానిదా, ఈ సంవత్సరానిదా? బ్రాంచి ఒకటే ఎంచుకుని ఉన్నారా? రద్దయిన బిల్లులను, వాడుకలో లేని ఖాతాలను దాచిపెట్టే సెట్టింగు ఉందా? మీ లాగిన్‌కు ఆ విభాగం చూసే అనుమతి ఉందా? ఇవన్నీ ఫిల్టర్లే, మనం పెట్టకుండానే పడి ఉన్న ఫిల్టర్లు. ఎక్సెల్‌లో అయితే ఎడమవైపు వరుసల నంబర్లు చూడండి. అవి నీలంగా మారి, 14 తరువాత 22, ఆ తరువాత 37 అని దూకుతూ ఉంటే, మధ్య వరుసలు దాగి ఉన్నాయని అర్థం. నిన్న ఎవరో పెట్టి వదిలేసిన ఫిల్టరు మీద ఇవాళ మనం మరొకటి పెట్టి, వచ్చినదాన్నే పూర్తి లెక్క అనుకుంటే ఏమవుతుంది? ఉన్న బిల్లును లేదనుకుని మళ్ళీ ఎక్కిస్తాం, ఒకే బిల్లు రెండుసార్లు పడుతుంది. అందుకే వెతకడానికి ముందు అన్ని ఫిల్టర్లూ తీసేసి, మొత్తం ఎన్ని వరుసలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ అంకె మనకు చివరిదాకా కావాలి.

ఇప్పుడు ఖాళీ గడుల విషయం. ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే తలవరుసలో బాణం గుర్తులు వస్తాయి. బాణం నొక్కి, విలువల జాబితా చివరికి వెళితే బ్లాంక్స్ అని ఉంటుంది. మిగతా టిక్కులన్నీ తీసి అది ఒక్కటే ఉంచితే ఆ కాలమ్‌లో ఖాళీగా ఉన్న వరుసలు వస్తాయి. ఇది మీలో చాలామందికి తెలుసు. అయితే ఒక మెలిక ఉంది. మీ షీటు మధ్యలో ఎక్కడైనా పూర్తిగా ఖాళీ వరుస ఉంటే, నెలకూ నెలకూ మధ్య అందం కోసం చాలామంది వదులుతారు కదా, ఎక్సెల్ తనంతట తాను పట్టికను గుర్తించేటప్పుడు ఆ ఖాళీ వరుస దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఉన్నవి ఫిల్టరులోకి రావు. కనుక ఫిల్టరు పెట్టే ముందు మొదటి గడి నుంచి చివరి గడి దాకా మొత్తం ఎంచుకోండి, లేదా ఆ ఖాళీ వరుసలు తీసేయండి.

సరే, ఖాళీలు వచ్చాయి. ఇప్పుడు ఏం చేయాలి? ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఒక ఎండుమిర్చి సంస్థ కొనుగోళ్ళ రిజిస్టరు తీసుకుందాం. తేదీ, లాటు నంబరు, అమ్మిన వారి పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), నికర బరువు, రేటు, జీఎస్టీ నంబరు, కోల్డ్ స్టోరేజీ, గది, రసీదు నంబరు. ఇవీ కాలమ్‌లు. జీఎస్టీ నంబరు కాలమ్‌లో బ్లాంక్స్ పెట్టగానే వందల వరుసలు వచ్చి పడతాయి. కొత్తగా చేరిన అమ్మాయో అబ్బాయో చూస్తే గుండె ఆగినంత పని అవుతుంది. కానీ వాటిలో ఎక్కువ భాగం రైతుల దగ్గర నేరుగా కొన్నవి. సొంత పొలంలో పండించిన పంట అమ్ముకునే రైతు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదు. ఆ గడి ఖాళీగా ఉండటమే సరైనది. అదే గడి ఒక వ్యాపారి పేరు ఎదురుగా ఖాళీగా ఉంటే అది లోపం. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి, అర్థం మాత్రం వేరు.

మరి వాటిని విడదీసేది ఎలా? ఒక్క కాలమ్ మీద ఫిల్టరు పెట్టి తేల్చలేం. అమ్మినవారు రైతా, వ్యాపారా అని చెప్పే కాలమ్ ఒకటి ఉండాలి. అందులో వ్యాపారి అని ఎంచుకుని, ఆ తరువాత జీఎస్టీ నంబరులో ఖాళీ అని ఎంచుకుంటే, వందల వరుసలు పది పన్నెండుకు తగ్గుతాయి. ఆ పది పన్నెండే మన పని. ఇదే పద్ధతి మిగతా చోట్లా వర్తిస్తుంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటింది, సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు నంబరు ఖాళీగా ఉంది. పేమెంటు విధానం బ్యాంకు ద్వారా అని ఉంది, యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఖాళీగా ఉంది. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టామని ఉంది, గది నంబరు ఖాళీగా ఉంది. గమనించండి, ప్రతిదానిలోనూ మొదటి షరతు ఆ వివరం ఎందుకు ఉండాలో చెబుతోంది, రెండవ షరతు అది లేదని చెబుతోంది. మొదటి షరతు లేకుండా రెండవది ఒక్కటే పెడితే చేతికి వచ్చేది కుప్ప మాత్రమే. మీ సాఫ్ట్‌వేరులో రైతా, వ్యాపారా అన్న విభజన లేకపోతే, ఈ సమావేశం నుంచి వెళ్ళాక మీరు చేయవలసిన మొదటి పని ఆ విభజన పెట్టించడమే అని నేను గట్టిగా చెబుతాను.

ఇంకొక విషయం కొంచెం శ్రద్ధగా వినాలి. ‘ఫలానా కానివి’ అనే ఫిల్టరు మనం తరచూ వాడతాం. ఊరు గుంటూరు కానివి చూపించు అంటాం. ఊరు పేరు ఖాళీగా ఉన్న వరుసలు ఇందులోకి వస్తాయా, రావా? మీరేమంటారు? కొందరు వస్తాయంటున్నారు, కొందరు రావంటున్నారు. ఇద్దరూ సరైనవారే, ఎందుకంటే అది సాఫ్ట్‌వేరును బట్టి ఉంటుంది. ఎక్సెల్‌లో వస్తాయి. కానీ చాలా వ్యాపార సాఫ్ట్‌వేర్ల వెనుక ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాషతో నడిచే డేటాబేసులు ఉంటాయి. అక్కడ ఒక పోలికకు జవాబులు మూడు: అవును, కాదు, తెలియదు. విలువే నింపని గడిని గుంటూరుతో పోల్చితే జవాబు ‘తెలియదు’ అని వస్తుంది. ఫిల్టరు ‘అవును’ అని వచ్చిన వరుసలనే బయటికి పంపుతుంది. కనుక ఊరు నింపని వరుస ‘గుంటూరు’ అన్నప్పుడూ రాదు, ‘గుంటూరు కానివి’ అన్నప్పుడూ రాదు. రెండు జాబితాల్లోనూ లేకుండా పోతుంది.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకోండి. మొత్తం 1,200 వరుసలు ఉన్నాయి. గుంటూరు అంటే 700 వచ్చాయి. గుంటూరు కానివి అంటే 430 వచ్చాయి. కలిపితే 1,130. మిగతా 70 ఎక్కడికి పోయాయి? అవే ఊరు పేరు లేనివి. మొదట కాగితం మీద మొత్తం రాసుకోమన్నది ఇందుకే. ఏ ఫిల్టరు పెట్టినా, దాని ఎదురు ఫిల్టరు కూడా పెట్టి, రెండూ కలిపి మొత్తానికి సరిపోయాయా అని చూడండి. రెండు నిమిషాల పని. సరిపోకపోతే ఆ తేడాయే మీరు వెతుకుతున్నది.

ఇక నిండి ఉండి కూడా సమాచారం లేని గడులు. వీటిని బ్లాంక్స్ ఫిల్టరు పట్టుకోలేదు. ఒక చుక్క, ఒక గీత, ఎన్‌ఏ, లేదు, తరువాత, వరుసగా పది తొమ్మిదులతో ఫోన్ నంబరు. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? ఫోన్ నంబరు లేకుండా బిల్లు సేవ్ కాదని సాఫ్ట్‌వేరులో నిబంధన పెట్టినందుకు వస్తాయి. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నప్పుడు, బిల్లు ముందుకు కదలాలి కనుక చేతికి వచ్చిన అంకె కొడతారు. అది ఆ ఉద్యోగి తప్పని నేను అనను. అన్ని గడులూ తప్పనిసరి అని పెట్టిన వారు ఒకసారి ఆలోచించాలి. ఖాళీగా ఉంటే కనీసం వెతికి పట్టుకోవచ్చు, అబద్ధపు అంకెతో నిండితే పట్టుకోవడం చాలా కష్టం. ఏ వివరం లేకుండా ఆ బిల్లు చట్టప్రకారం చెల్లదో దాన్ని మాత్రమే తప్పనిసరి చేయండి. మిగతావి ఖాళీగా వదిలే వీలు ఇచ్చి, వారానికి ఒకసారి ఫిల్టరు పెట్టి నింపండి.

ఇటువంటి వాటిని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి దారి పొడవు కొలవడం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు కలిపి ఉండాలి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, మన ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తరువాతి పది ఆ సంస్థ పాన్ నంబరు. బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో 11 ఉండాలి, వాటిలో అయిదవది సున్నా. పక్కన ఒక కొత్త కాలమ్ తెరిచి, ట్రిమ్ ఫంక్షన్‌తో ముందూ వెనుకా స్పేసులు తీసి, లెన్ ఫంక్షన్‌తో పొడవు లెక్కపెట్టించండి. ఆ కాలమ్ మీద, జీఎస్టీ నంబరుకైతే, 15 కానివి అని ఫిల్టరు పెట్టండి. ఖాళీలు, గీతలు, ఎన్‌ఏలు, ఒక అక్షరం తక్కువైనవి అన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన వాటిలో ఒక రకం స్పేసు ఉంటుంది, ట్రిమ్ దాన్ని తీయదు. పొడవు 16 వచ్చి, కంటికి మాత్రం అంతా సరిగ్గా కనబడితే దాన్ని అనుమానించండి.

మన మిర్చికి సంబంధించి ఇంకొక పొడవు సమస్య ఉంది. జీఎస్టీలో సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ఎండుమిర్చికి 0904తో మొదలవుతుంది. ఎక్సెల్‌లో మామూలు గడిలో 0904 కొడితే అది దాన్ని సంఖ్యగా తీసుకుని ముందున్న సున్నా తీసేసి 904 చేస్తుంది. టర్నోవరు 5 కోట్లు దాటినవారు వాడవలసిన ఆరంకెల కోడ్, దంచని ఎండుమిర్చికైతే 090421, అది 90421 అవుతుంది. గడి నిండే ఉంది, సమాచారంలో ఒక అంకె పోయింది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు.

తేదీల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. మనం రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తాం. కంప్యూటరు సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే అది మొదటి అంకెను నెలగా చదువుతుంది. ఏప్రిల్ 25 అని 25/04 కొడితే, 25వ నెల లేదు కనుక దాన్ని తేదీగా తీసుకోకుండా మాటగా ఉంచేస్తుంది. ఏప్రిల్ 5 అని 05/04 కొడితే మే 4గా చదువుతుంది. ఇప్పుడు ఏప్రిల్ నెల అని ఫిల్టరు పెడితే ఏం వస్తుంది? 13 నుంచి 30 దాకా ఉన్న బిల్లులు రావు, అవి మాటలుగా ఉండిపోయాయి. 1 నుంచి 12 దాకా ఉన్నవి పన్నెండు నెలల మీదికి చెల్లాచెదరయ్యాయి, వాటిలో ఏప్రిల్ 4 ఒక్కటే ఏప్రిల్‌లో మిగిలింది. సంస్థ సగం బిల్లులు పోయాయని గగ్గోలు పడుతుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. తేదీ కాలమ్ బాణం నొక్కితే అసలు తేదీలు సంవత్సరం, నెల కింద మడతలుగా వస్తాయి. మాటలుగా ఉన్నవి ఆ మడతల్లో చేరకుండా విడివిడిగా జాబితా అడుగున ఉంటాయి. అడుగుదాకా వెళ్ళి చూడండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వరుస ఉండి, అందులో వివరం లేని సందర్భాలు. అసలు వరుసే లేకపోతే? బిల్లు ఎక్కించనే లేదు. అప్పుడు ఫిల్టరు ఏం చూపిస్తుంది? లేని వరుసను ఏ ఫిల్టరూ చూపించలేదు. ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఫిల్టరు పెట్టి ఖాళీలు లేవని తేలగానే మనకు ఒక నిశ్చింత వస్తుంది. ఆ నిశ్చింత సగమే నిజం. లేని వరుసను పట్టుకోవాలంటే పక్కన మరొక జాబితా కావాలి.

మన అమ్మకాలకు ఆ జాబితా బిల్లు నంబర్ల వరుసే. జీఎస్టీ నియమాల్లో 46వ నియమం ప్రకారం బిల్లుకు వరుస నంబరు ఉండాలి, అది 16 అక్షరాలు దాటకూడదు, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్ళీ రాకూడదు. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో 13వ పట్టిక అడిగేది కూడా అదే: ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారు, మొత్తం ఎన్ని, రద్దు చేసినవి ఎన్ని. కనుక రిజిస్టరును బిల్లు నంబరు ప్రకారం పేర్చి, పక్క కాలమ్‌లో ఈ నంబరులోంచి పై నంబరు తీసేయండి. అంతా సవ్యంగా ఉంటే అన్ని చోట్లా 1 వస్తుంది. 1 కానివి అని ఫిల్టరు పెట్టండి. 2 వస్తే మధ్యలో ఒక బిల్లు లేదు. సున్నా వస్తే ఒకే నంబరు రెండుసార్లు ఉంది. ఆ లేని బిల్లు రద్దయిందా, తీసేశారా, ఎక్కించలేదా అన్నది తరువాత తేల్చాలి. కంపెనీలుగా రిజిస్టరైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుంచి మార్పుల చరిత్రను నమోదు చేసే సాఫ్ట్‌వేరునే వాడాలి కనుక, తీసేసిన బిల్లు జాడ అక్కడ దొరుకుతుంది.

కొనుగోళ్ళకు పోల్చవలసిన జాబితా జీఎస్‌టీఆర్-2బీ, అంటే మనకు అమ్మినవారు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక. మామూలుగా ప్రతి నెలా 14న అది తయారవుతుంది. దాన్ని దింపుకుని, మన కొనుగోళ్ళ రిజిస్టరు పక్కన పెట్టి, అమ్మినవారి జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి ఒకే కాలమ్‌గా చేసి, ఒక విలువ జాబితాలో ఎన్నిసార్లు ఉందో చెప్పే కౌంట్‌ఇఫ్ ఫంక్షన్‌తో ఇటువి అటు, అటువి ఇటు లెక్కపెట్టించండి. సున్నా వచ్చిన వాటిని ఫిల్టరు చేయండి. రెండు వైపులా చేయాలి, ఒక వైపు చేసి ఆగిపోవద్దు. 2బీలో ఉండి మన దగ్గర లేనివి మనం ఎక్కించడం మరిచిన బిల్లులు కావచ్చు. మన దగ్గర ఉండి 2బీలో లేనివి అమ్మినవారు చూపించనివి కావచ్చు. 2022 జనవరి 1 నుంచి వాటిపై క్రెడిట్ తీసుకోవడానికి లేదు. ఒక సంవత్సరపు క్రెడిట్‌కు మరుసటి ఆర్థిక సంవత్సరం నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఏది ముందైతే అది గడువు. అందుకే ఈ పోలిక నెల నెలా జరగాలి. ఒక హెచ్చరిక: మనం 0045 అని రాసుకున్న బిల్లును వాళ్ళు 45 అని చూపించి ఉండవచ్చు. సున్నా వచ్చిన ప్రతిదీ లేనట్టు కాదు, తేదీ, మొత్తం కూడా చూసి నిర్ణయించండి.

చివరిగా, దొరికిన ఖాళీని నింపడం. ఇక్కడ నా అభిప్రాయం చాలా కఠినంగా ఉంటుంది. తెలియనిదాన్ని ఊహించి నింపవద్దు. కోల్డ్ స్టోరేజీ ఉదాహరణే చూడండి. ఒక లాటు 60 టిక్కీలు, తేజ రకం, గది నంబరు లేదు. దాని పైనా కిందా ఉన్న లాట్లు రెండూ అయిదవ గదిలో ఉన్నాయి. పై గడి పట్టుకుని కిందికి లాగితే క్షణంలో నిండిపోతుంది. కానీ ఆ సరుకు నిజంగా అయిదవ గదిలో లేకపోతే? ధర వచ్చిన రోజున హమాలీలు వెళ్ళి వెతికితే దొరకదు. ఖాళీగా ఉండి ఉంటే ముందే ఫోన్ చేసి కనుక్కునేవారు. నిండి ఉంది కనుక ఎవరూ అడగలేదు. రెండవ సంగతి, ఫిల్టరు పెట్టి ఉండగా పైనుంచి కిందికి పేస్టు చేసేటప్పుడు దాగి ఉన్న వరుసల్లోకి కూడా విలువలు వెళ్ళే ప్రమాదం ఉంది. నింపే ముందు ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.

ఖాళీల జాబితాను ఎవరికి తెలుసో వారి ప్రకారం విడగొట్టండి. గది నంబర్లు స్టోరేజీ గుమాస్తాకు, యూటీఆర్‌లు బ్యాంకు స్టేట్‌మెంటు చూసేవారికి, జీఎస్టీ నంబర్లు ఆ పార్టీతో రోజూ మాట్లాడేవారికి. ‘అడిగిన తేదీ’ అని ఒక కాలమ్ పెట్టండి, ‘జవాబు వచ్చిన తేదీ’ అని ఇంకొకటి పెట్టండి. వచ్చే వారం అడిగిన తేదీ నిండి, జవాబు తేదీ ఖాళీగా ఉన్నవి ఫిల్టరు చేస్తే, మళ్ళీ ఎవరికి ఫోన్ చేయాలో మీకే తెలుస్తుంది. రైతుల ఖాతాల్లో ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ లేని వరుసలను మాత్రం మిగతా అన్నిటికంటే ముందు తీయండి, అక్కడ ఆలస్యమైతే ఒక కుటుంబానికి పంట డబ్బు అందడం ఆలస్యమవుతుంది.

నేను చెప్పవలసింది ఇంతే. మీ సొంత రిజిస్టర్లు ల్యాప్‌టాప్‌లో తెచ్చుకున్నవారు ముందుకు రండి, తేదీ కాలమ్‌తో మొదలుపెట్టి చూద్దాం.